పాత సిస్టమ్‌కి సెవెనా, టెన్నా, లినక్సా? పర్లాకిమిడి డీటీపీ షాపు నుంచి ఒక సలహా

"సెవెన్ వేసేయ్ తమ్ముడూ, అదే లైట్‌గా ఉంటుంది." మా షాపుకి పాత సిస్టమ్ పట్టుకొచ్చే వాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే ఈ మాట అంటారు. సెవెన్ అంటే విండోస్ సెవెన్. పాతపట్నం నుంచి బండి మీద వచ్చినా, కాశీనగర్ నుంచి బస్సులో వచ్చినా, గుణుపూర్ రైల్లో సీపీయూ ఒళ్లో పెట్టుకుని వచ్చినా ఇదే మాట. నేను వెంటనే సరే అనను. ముందు ఒకటి అడుగుతాను: ఈ సిస్టమ్‌తో మీరు చేసే పనుల్లో ఆగిపోతే కష్టమయ్యేది ఏది?

మెషీన్ పాతది కాబట్టి పాత విండోస్ వేయాలి అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. వయసు ఒక్కటే చూస్తే చాలదు. దాని మీద ఏ సాఫ్ట్‌వేర్ నడవాలి, వెనక ఏ ప్రింటర్ తగిలించి ఉంది, నెట్ కేబుల్ పెడతారా లేదా, ఈ మూడూ తేలితే ఏ ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి మూల సాఫ్ట్‌వేర్) వేయాలో దాదాపు తేలిపోయినట్టే. డబ్బుల వ్యవహారం, ఓటీపీలు, ఆధార్ పనులు జరిగే సిస్టమ్ అయితే అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ వేయమని నేను ఎవరికీ చెప్పను. ఎంత బతిమాలినా చెప్పను.

మా ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడే దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరు. పాతపట్నం పక్కనే, అక్కడి నుంచి ఆంధ్రా. అందుకే ఒకే టేబుల్ మీద పొద్దున తెలుగు శుభలేఖ, మధ్యాహ్నం ఒడియా ప్రశ్నపత్రం తయారవుతాయి. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల చదువు కోసం పాటుపడిన ఊరు కూడా ఇదే కాబట్టి, అప్పుడప్పుడు సవర మాటల కాగితాలూ వస్తాయి. ఒక ఓఎస్‌లో ఒక లిపి బాగుంటుంది, ఇంకో లిపి డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. ఈ విషయం మాకు చాలా ముఖ్యం.

అన్నిటికన్నా పాతదైన విండోస్ ఎక్స్‌పీ గురించి రెండు ముక్కలు చాలు. 2001లో వచ్చింది, 2014 ఏప్రిల్ 8తో అప్‌డేట్లు ఆగిపోయాయి. తెలుగుకి గౌతమి ఫాంటు దాంట్లోనే ఉంది. ఒడియాకి ఏమీ లేదు, కళింగ ఫాంటు విస్టాతో గానీ రాలేదు. పైగా ఎక్స్‌పీని పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించేలా తయారు చెయ్యలేదు. విన్‌సెటప్‌ఫ్రమ్‌యూఎస్‌బీ లాంటి టూల్‌తో తంటాలు పడి బూట్ చేసినా, హార్డ్ డిస్క్ ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉంటే చివర్లో 7బీ ఉన్న నంబరుతో నీలి తెర వస్తుంది. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) పాత ఐడీఈ మోడ్‌కి మారిస్తే దారికొస్తుంది. పాత ప్యారలల్ పోర్టు కటింగ్ ప్లాటర్ లాంటిది ఇంకా నడుస్తూ ఉంటే, దానికోసం ఎక్స్‌పీ ఉంచండి. మిగతావాళ్లు అటు చూడక్కర్లేదు.

సెవెన్ ఎవరికి

విండోస్ సెవెన్ 2009 అక్టోబర్ 22న వచ్చింది, 2020 జనవరి 14న దాని మామూలు సపోర్ట్ అయిపోయింది. క్రోమ్ 109తో ఆగింది. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే రకం) దానికి చివరి వరస. ఇవన్నీ తెలిసి కూడా నేను నెలకి ఒకటి రెండు సిస్టమ్‌లకి సెవెనే వేస్తాను. కారణం పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు.

మా లైన్లో లేనివాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు. కానీ పదిహేను, ఇరవై ఏళ్ల శుభలేఖలు, కరపత్రాలు, గుడి పత్రికలు అన్నీ అందులోనే ఉన్నాయి. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే నంబరు ఉండే పద్ధతి) కావు. తెర మీద చక్కగా తెలుగు కనిపిస్తుంది గానీ, ఫైల్ లోపల ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన ఒత్తులూ గుణింతాల ముక్కలూ. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో అదే ఫైల్ తెరిస్తే అర్థంలేని గీతలు కనిపిస్తాయి. పాత ఒడియా టైపింగ్ ఫైళ్లదీ ఇదే కథ. ఈ ఫైళ్లు రోజూ తెరవాల్సిన షాపుకి సెవెన్ ఒక అవసరం. దాన్ని తీసేయమనడం అన్యాయం.

సెవెన్ వేయాలని తేలాక 32 బిట్టా, 64 బిట్టా అన్నది చూడాలి. 64 బిట్ విండోస్ ఏదైనా సరే పాత 16 బిట్ ప్రోగ్రాములని నడపదు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ఇన్‌స్టాలర్ మాత్రమే 16 బిట్ ఉంటుంది, అక్కడే ఆగిపోతాయి. 64 బిట్‌లో డ్రైవర్లకి డిజిటల్ సంతకం కూడా ఉండాలి, కాబట్టి హార్డ్‌వేర్ లాక్‌తో (పోర్టుకి తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరంతో) వచ్చిన పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు మొరాయిస్తాయి. అందుకే డీటీపీ కోసమే అయితే 32 బిట్ వేయండి. అందులో 4 జీబీ ర్యామ్ పెట్టినా 3 జీబీకి కాస్త పైన మాత్రమే వాడుకుంటుంది. పేజ్‌మేకర్‌కి అది ఎక్కువే.

ఇక సెవెన్‌తో అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది, అది కాస్త వివరంగా చెప్పాలి. పెన్‌డ్రైవ్ బూట్ అవుతుంది. నీలం తెర మీద విండోస్ బొమ్మ వస్తుంది, భాష ఎంచుకోమని అడుగుతుంది. అప్పుడు మౌస్ కదిపితే బాణం కదలదు. మౌస్ తిరగేసి చూస్తే కింద ఎర్ర లైటు ఆరిపోయి ఉంటుంది. కీబోర్డులో నమ్ లాక్ నొక్కినా దీపం వెలగదు. ఇంకో సిస్టమ్‌లో అయితే మౌస్ పనిచేస్తుంది గానీ, "సీడీ, డీవీడీ డ్రైవర్ దొరకలేదు" అనే అర్థంతో ఒక మెసేజ్ వస్తుంది. డీవీడీ డ్రైవే లేని సిస్టమ్‌లో ఈ మెసేజ్ చూసి చాలామంది పెన్‌డ్రైవ్ పాడైందని అనుకుంటారు, మళ్లీ మళ్లీ తయారు చేస్తారు.

పెన్‌డ్రైవ్ తప్పు లేదు. సెవెన్ తయారైనప్పుడు యూఎస్‌బీ 3 ఇంకా వాడకంలోకి రాలేదు, దాని డ్రైవర్ సెవెన్ సెటప్‌లో లేదు. బయోస్ ఉన్నంతసేపు బయోసే పెన్‌డ్రైవ్‌ని చదివి పెడుతుంది. పగ్గాలు సెవెన్ చేతికి రాగానే ఆ పోర్టు దానికి కనపడదు. సిస్టమ్ ఇంటెల్ ఐదో తరం లోపుదైతే పెన్‌డ్రైవ్ నీలం నాలుక ఉన్న పోర్టులోంచి తీసి నల్ల పోర్టులో పెట్టండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. లేకపోతే బయోస్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ 3 కంట్రోలర్) అన్న ఆప్షన్ ఆపేయండి. 2015లో వచ్చిన ఆరో తరం నుంచి బోర్డులో పాత యూఎస్‌బీ 2 కంట్రోలరే లేదు. నల్ల పోర్టు కూడా లోపల కొత్త కంట్రోలర్ మీదే నడుస్తుంది. దానికి యూఎస్‌బీ 3 డ్రైవర్లని ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) లోపలికి ఎక్కించి పెన్‌డ్రైవ్ చేయాలి. ఎన్‌వీఎంఈ అనే కొత్తరకం ఎస్‌ఎస్‌డీ ఉంటే దానికి వేరే ప్యాచ్ కావాలి. ఏడో తరం నుంచి సెవెన్‌కి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా లేదు.

చేసేవాళ్లు చేస్తారు, నేనూ చేశాను. కానీ ఆరో తరం, ఆపైన సిస్టమ్ ఉంటే సెవెన్ నేరుగా వేయొద్దనే నా సలహా. అందులో టెన్ వేసి, వర్చువల్‌బాక్స్ (ఒక ఓఎస్ లోపల ఇంకో ఓఎస్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, దాని లోపల సెవెన్ 32 బిట్ వేసుకోండి. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. లోపల పేజ్‌మేకర్‌లో పని చేసి, పీడీఎఫ్ తీసి, బయట టెన్ నుంచి ప్రింట్ ఇవ్వొచ్చు. ఆ లోపలి సెవెన్‌కి నెట్ కనెక్షన్ తీసేయడం ఒక్క క్లిక్ పని. వర్చువల్ డిస్క్ ఫైల్ ఒకటి కాపీ చేసి పెట్టుకుంటే మొత్తం డీటీపీ సెటప్‌కే బ్యాకప్ ఉన్నట్టు.

టెన్ ఎవరికి

2015 జులై 29న వచ్చిన టెన్ కూడా ఇప్పుడు పాత ఓఎస్ లెక్కలోకే వచ్చేసింది. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగింది. ఇళ్లలో వాడేవాళ్లకి భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, ఇచ్చే పథకం ఒకటి ప్రకటించారు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు. ఇలెవెన్‌కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఎనిమిదో తరం ప్రాసెసర్ అడుగుతారు కాబట్టి మన చుట్టుపక్కల ఉన్న రెండో, మూడో, నాలుగో తరం సిస్టమ్‌లకి అధికారికంగా ఆ దారి లేదు.

వేలిముద్ర మెషీన్ పెట్టి డబ్బులు ఇచ్చేవాళ్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపేవాళ్లు, ట్యాలీ వాడేవాళ్లు టెన్‌లోనే ఉండాలి, తమకి వర్తించే భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరాలి. కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉన్న షాపులు కూడా టెన్‌లో నిశ్చింతగా ఉండొచ్చు. తెలుగు, ఒడియా రెండిటికీ నిర్మలా ఫాంటు ఉంది. విండోస్ 8తో వచ్చిన ఈ ఫాంటులో సవర లిపి సొరాంగ్ సొంపెంగ్ కూడా ఉంది. మంగేయి గొమాంగో 1936లో తయారుచేసిన ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. సెవెన్‌లో అది విడిగా ఫాంటు వేస్తే గానీ కనపడదు. గుణుపూర్ వైపు బడుల కోసం పనిచేసేవాళ్లకి టెన్ వేయమనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

టెన్‌కి వచ్చిన చెడ్డపేరు అసలు పాత హార్డ్ డిస్క్‌కి రావాల్సింది. 2 జీబీ ర్యామ్, తిరిగే డిస్క్ మీద టెన్ వేసి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం చూసి, "టెన్ బరువు, సెవెన్ వేసేయ్" అంటారు. చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ, ఇంకో ర్యామ్ ముక్క వేసి 4 జీబీ చేయించి అప్పుడు చూడండి. రెండో తరం ఐ3 మీద కూడా టెన్ పని చేసే తీరు మారిపోతుంది. ఓఎస్ మార్చడం కంటే ముందు ఎస్‌ఎస్‌డీకి ఖర్చు పెట్టమని నేను ఎప్పుడూ చెప్తాను. టెన్‌లో 32 బిట్ కూడా ఉంది, ఇలెవెన్‌లో లేదు. పాత డ్రైవర్ కోసం 32 బిట్ తప్పనిసరి, నెట్ కూడా తప్పనిసరి అనేవాళ్లకి అదొక నడిమి దారి.

లినక్స్ ఎవరికి

చదువుకునే పిల్లలున్న ఇల్లు, యూట్యూబ్, మెయిల్, ఉద్యోగాల నోటిఫికేషన్లు, ఆఫీసు ఉత్తరాలు. ఇంతే అయితే లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే బాగుంటుంది. మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. డబ్బు కట్టేది లేదు, యాక్టివేషన్ లేదు. తెలుగు, ఒడియా యూనికోడ్ రెండూ ఐబస్ అనే టైపింగ్ టూల్ పెట్టుకుని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో టైప్ చేయొచ్చు.

దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఏదీ చెరపకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవడం. వైఫై పట్టిందా, సౌండ్ వచ్చిందా, ప్రింటర్ ఒక పేజీ తీసిందా, అన్నీ ఇన్‌స్టాల్ కొట్టకముందే తెలుస్తాయి. ప్రింటర్ మాత్రం తప్పక చూడండి. 2900 లాంటి వాటికి లినక్స్‌లో డ్రైవర్ ఎక్కించడం చాలా పని. పేజ్‌మేకర్, అను లాంటివి ఇందులో నేరుగా నడవవు. అవి కావాలనేవాళ్లకి లినక్స్ అంటగట్టి పంపితే వారంలో తిరిగి వస్తారు.

పెన్‌డ్రైవ్ దేనితో చేయాలి

ఓఎస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తయారుచేసే టూల్స్ రూఫస్, వెంటాయ్, రెండూ ఉచితమే, రెండూ మంచివే. ఒక్క సిస్టమ్‌కి ఒక్కసారి వేసుకునేవాళ్లకి రూఫస్ చాలు. సెవెన్‌కి, పాత బయోస్ బోర్డులకి పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, టార్గెట్ బయోస్ అని పెట్టండి. 32 బిట్ సెవెన్ మామూలు సిస్టమ్‌లలో యూఈఎఫ్‌ఐ (బయోస్‌కి బదులు వచ్చిన కొత్త పద్ధతి) మోడ్‌లో ఎక్కదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్‌ఎం లేదా లెగసీ ఆన్ చేయాలి. రూఫస్ నడిపే సిస్టమ్‌లోనే సెవెన్ ఉంటే కొత్త రూఫస్ తెరుచుకోదు, 3.22 వెర్షన్ వెతికి తీసుకోండి. సెవెన్‌కి 4 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, టెన్‌కి 8 కావాలి.

నాలాగా రోజూ ఇదే పని చేసేవాళ్లకి వెంటాయ్. ఒకసారి ఎక్కిస్తే ఆ తర్వాత ఐఎస్‌ఓ ఫైళ్లని పాటలు కాపీ చేసినట్టు కాపీ చేసుకోవడమే. నా 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో సెవెన్, టెన్, మింట్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. కోర్ 2 డుయో కాలం నాటి కొన్ని బోర్డుల మీద మాత్రం అది తెర మీదే ఆగిపోవడం చూశాను. వాటికోసం రూఫస్‌తో చేసిన చిన్న యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్ ఒకటి సొరుగులో ఉంచుకుంటాను.

బూట్ మెనూ కీ డెల్, లెనోవోలలో ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్ 12 గానీ, ముందు బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

ఐఎస్‌ఓ ఎక్కడిది అన్నది ఓఎస్ కంటే పెద్ద ప్రశ్న. టెన్, మింట్ రెండూ వాటి సొంత సైట్లలో దొరుకుతాయి. సెవెన్ ఐఎస్‌ఓని మైక్రోసాఫ్ట్ తన సైటు నుంచి తీసేసింది. మీ పాత డీవీడీ ఉంటే దాన్నే ఐఎస్‌ఓగా మార్చుకోండి. ఇంకెక్కడి నుంచి తెచ్చినా దాని హ్యాష్ (ఫైల్ మారితే తనూ మారిపోయే గుర్తింపు కోడ్) చూసి, అసలు ఫైల్ హ్యాష్‌తో కలిసిందో లేదో సరిచూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో అది నిమిషం పని. విండోస్ యాక్టివేషన్ కీ మీ సీపీయూ పక్కనో, ల్యాప్‌టాప్ అడుగునో స్టిక్కర్ మీద ఉంటుంది, చెరిగిపోకముందే ఫోటో తీసి పెట్టుకోండి. ఆ సెవెన్ కీతో టెన్ యాక్టివేట్ చేసుకునే దారిని 2023 సెప్టెంబర్‌లో మూసేశారు. ఇదివరకే టెన్ యాక్టివేట్ అయి ఉన్న బోర్డు అయితే కీ అడగదు, నెట్ తగిలించగానే అదే గుర్తుపడుతుంది. యాక్టివేటర్లు, "అన్నీ కలిపిన" ఐఎస్‌ఓలు మాత్రం వద్దు. యాంటీవైరస్ ఆపి నడపమని అడిగే ఫైల్‌కి మీ ఇంటి తాళం ఇవ్వకండి.

నా చేతుల మీద జరిగినది

కొన్నేళ్ల కింద రిటైరైన ఒక మాస్టారు సిస్టమ్ తెచ్చారు. "సీ మాత్రమే ఫార్మాట్ చెయ్యి బాబూ, రెండో డిస్క్ ముట్టుకోకు" అని రెండుసార్లు చెప్పారు. రెండూ 500 జీబీ డిస్కులు. సెటప్ తెర మీద డిస్క్ 0, డిస్క్ 1 అని కనిపిస్తాయి గానీ, ఏది సీ అన్నది అక్కడ రాసి ఉండదు. విండోస్ ఉన్నది డిస్క్ 0 అనుకుని దాని పార్టిషన్లు డిలీట్ చేసి కొత్తగా వేశాను. విండోస్ ఉన్నది డిస్క్ 1 మీద.

పోయిన డిస్క్‌లో ఆయన పన్నెండేళ్లుగా ఊళ్లు తిరిగి రాసుకున్న సవర మాటలు, వాటికి తెలుగు అర్థాలు. పోయిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ టూల్‌తో పది రోజులు కూర్చుని చాలా ఫైళ్లు వెనక్కి తెచ్చాను. కానీ అది ఫైల్ పేర్లు తీసుకురాదు, అన్నీ నంబర్లే. అను ఫాంట్లలో ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి చూస్తే గానీ ఏది ఏమిటో తెలియదు. కొన్ని సగమే తెరుచుకున్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్లీ అడిగి రాసుకుందామంటే, చెప్పిన ముసలివాళ్లు కొందరు ఇప్పుడు లేరు బాబూ" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు.

అప్పటి నుంచి ఏ సిస్టమ్ వచ్చినా ముందు మూత తీసి, ఓఎస్ వేయాల్సిన డిస్క్ ఒక్కటే ఉంచి, మిగతా డిస్కుల సాటా కేబుల్ పీకేస్తాను. ల్యాప్‌టాప్‌లో ఒకటే డిస్క్ ఉంటే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫోటోలు బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తాను. పాత విండోస్ తెరుచుకోకపోయినా ఇది పనిచేస్తుంది. కాపీ చేసిన వాటిలో రెండు మూడు ఫైళ్లు కస్టమర్ కళ్లముందే తెరిచి చూపించాకే ఫార్మాట్ కొడతాను. మీరు నా దగ్గరికి కాకుండా ఇంకే షాపుకి వెళ్లినా ఈ మాట అడగండి.

మాస్టారి సిస్టమ్‌లో ఇప్పుడు ఒక డిస్క్ మీద 32 బిట్ సెవెన్, దాని నెట్‌వర్క్ డివైస్ మేనేజర్‌లోనే డిజేబుల్ చేసి ఉంది. రెండో డిస్క్ మీద మింట్, మెయిల్ చూసుకోవడం, మనవరాలితో వీడియో కాల్ అంతా అందులో. స్టార్ట్ చేసేటప్పుడు ఎఫ్ 12 నొక్కి ఏది కావాలో ఎంచుకుంటారు.

ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చే తలనొప్పులు రెండు మూడున్నాయి. మొదటి రీస్టార్ట్‌లో "ఏదైనా కీ నొక్కండి" అని మళ్లీ వస్తే నొక్కకండి, నొక్కితే సెటప్ మొదటికొస్తుంది. సెవెన్ వేసేముందే లాన్, వైఫై డ్రైవర్లు ఇంకో పెన్‌డ్రైవ్‌లో దించి ఉంచండి, ఎందుకంటే నెట్ డ్రైవర్ దించుకోవడానికే నెట్ కావాలి. అన్నీ సరిగా వేసినా ఏ సైటు తెరిచినా సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంటే, ముందు కింద మూలన తేదీ చూడండి. 2009 అనో 2012 అనో ఉంటుంది. బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. బిళ్ల మార్చి, బయోస్‌లో తేదీ సరిచేయండి, సైట్లు తెరుచుకుంటాయి.